పులుసు చిక్కదనానికి జమ్ముదుంప పిండి

ధవళేశ్వరం ఆనకట్ట కింది కాలువలను వేసవిలో కట్టివేసి పూడిక తీసేటప్పుడు, గట్ల మీద పీకి పడేసిన జమ్ము ఎండుతూ కనిపిస్తుంది. నీటి పారుదలకు అడ్డుపడి డెల్టా రైతును ఏటా విసిగించే ఈ మొక్క దుంపలో, దప్పళంలో బియ్యప్పిండికి బదులు వాడుకోదగిన పిండి ఉంటుంది. ఆకులు ఎండి, కొత్త పిలకలు ఇంకా లేవని రోజుల్లోనే దుంప తవ్వాలి, ఎందుకంటే పిలక లేచిందంటే ఆ పిండిని మొక్కే ఖర్చు పెట్టేసుకుంటుంది.

ఎక్కడ తవ్వుతున్నామన్నది అన్నిటికన్నా ముఖ్యం. జమ్ము నీటిలోని భారలోహాలను వేళ్లతో పీల్చుకుంటుంది, అవి ఎంత ఉడికించినా పోవు. అందుచేత రొయ్యల చెరువుల నీరు, ఊరి మురుగు కలిసే డ్రెయిన్ల జోలికి అసలు పోకూడదు. గోధుమరంగు కంకి ఉన్న మొక్కనే తీసుకోవాలి. దుంప విరిస్తే ఘాటు వాసన వచ్చిందంటే అది జమ్ము కాదు, వస కావచ్చు, పారేయండి.

దుంపను బురద పోయేదాకా కడిగి, బెండులా ఉండే పైపొరను చాకుతో తీసేస్తే, లోపల తాడు మందాన తెల్లని కాండం మిగులుతుంది. దాన్ని బెత్తెడు ముక్కలుగా కోసి, వెడల్పాటి బేసినులో మంచినీరు పోసి, బట్టలు పిండినట్టు చేతులతో నలిపితే నీరు పాలలా తెల్లబడి, చేతిలో పీచు మాత్రం మిగులుతుంది. ఆ నీటిని పలుచని గుడ్డలో వడకట్టి మూడు నాలుగు గంటలు కదపకుండా ఉంచితే పిండి అడుగున పేరుకుంటుంది. పైతేటను వంచేసి, కొత్త నీరు పోసి, ఇలా రెండు మూడుసార్లు తేర్చాలి. జపానులో కుడ్జు తీగ వేరు నుంచి పిండి తీసే పద్ధతి కూడా దాదాపు ఇదే. గంపెడు దుంపలకు దిగే పిండి కొద్దే కనుక పెద్ద ఆశ పెట్టుకోవద్దు. గుడ్డ మీద ఆరబెట్టిన పిండి వేళ్ల మధ్య నలిపితే కిచకిచమనాలి. అప్పుడే సీసాకెత్తాలి.

ఆనపకాయ, ములక్కాడ, చిలగడదుంప ముక్కలు వేసిన లీటరు పులుసుకు రెండు పెద్ద చెంచాల పిండిని అర గ్లాసు చన్నీళ్లలో కలిపి, పులుసు మరుగుతుండగా గరిటె తిప్పుతూ సన్నని ధారగా పోయాలి. పొడినే నేరుగా వేస్తే ఉండ పైన ఉడికి, లోపల పచ్చిగా ఉండిపోతుంది. ముందే వేసి ఎక్కువసేపు మరిగించినా, చింతపండు పులుపుకు చిక్కదనం విరిగి పులుసు మళ్లీ పలచబడుతుంది కాబట్టి, ముక్క ఉడికి బెల్లం కరిగాక పిండినీళ్లు పోసి, రెండు నిమిషాలు ఉంచి దించేసి తాలింపు పెట్టడం మేలు.

మిగిలిన తొక్కు, పీచు కాలువలోకి విసరకండి. దుంప ముక్క ఒక్కటి తడిలో పడినా మళ్లీ పిలక వేస్తుంది, ఎండబెట్టి పొయ్యిలో పెట్టండి.