మంచు దేశంలో పెరటి మడి – 3వ పాఠం: ఒకే మడిలో మూడు కార్లు

కిందటి పాఠంలో నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున చెక్కపెట్టె బిగించి, అడుగు లోతున మట్టీ కంపోస్టూ కలిపి నింపుకున్నాం. మొత్తం 32 చదరపు అడుగులు. ఇంత చిన్న జాగాలో ఏం పండుతుందని చాలామంది అనుమానం. మా గుంటూరు వైపు సార్వా, దాళ్వా అని ఏటికి రెండు కార్లు, అంటే రెండు పంటలు, వేస్తారు. చలికాలమంతా నేల రాయిలా బిగుసుకుపోయే, ఉత్తర అమెరికాలోని మినియాపోలిస్‌లో నేను ఈ మడిలో మూడు కార్లు తీస్తున్నాను. ఇక్కడ కరువు జాగాకి కాదు, అదునుకి.

ఇక్కడ ఆఖరి ఫ్రాస్ట్ (లేత మొక్కల్ని చంపేసే గడ్డకట్టే చలి) మామూలుగా మే మొదటి సగంలో పడుతుంది. మళ్ళీ తొలి ఫ్రాస్ట్ సెప్టెంబరు చివర్లోనో, అక్టోబరు మొదట్లోనో. మధ్యలో ఉన్నది నాలుగున్నర, ఐదు నెలలు. బెండ, వంగ, మిరప ఈ గడువులోనే బతకాలి. కానీ చలికి తట్టుకునే ఆకుకూరలకి ఈ గడువుతో పని లేదు, వాటిని ముందూ వెనకా వేసుకోవచ్చు.

మొదటి కారు ఏప్రిల్‌లో. మంచు కరిగిందని వెంటనే మట్టి కెలకొద్దు. గుప్పెడు మట్టి పిడికిట్లో నొక్కి, వేలితో తట్టండి. ముద్దలాగే ఉంటే ఇంకా తడి ఎక్కువ, పొడిపొడిగా విడిపోతే పదును కుదిరినట్టు. తరవాత మట్టి థర్మామీటరు రెండంగుళాల లోతుకి గుచ్చి, పొద్దున్నే చూడండి. 40 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే స్పినాచ్, బఠాణీ మొలుస్తాయి. ముల్లంగికి ఇంకో ఐదు డిగ్రీలు, మెంతికి 50 దాకా ఆగడం మేలు. ఇక్కడ ఒక మాట: మన ఊళ్ళో పాలకూర అని కొనుక్కునేది చాలావరకు బీట్‌రూట్ జాతి ఆకు. ఇక్కడి స్పినాచ్ వేరే మొక్క. వండితే రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, చలికి ఓర్చుకోవడంలో స్పినాచ్ చాలా గట్టిది.

నా మొదటి ఏడాది ఏప్రిల్‌లో రెండు రోజులు ఎండ బాగా కాసింది. చొక్కా చేతులు మడుచుకుని తిరిగాం. ఆ ఉత్సాహంలో ఇంటి నుంచి తెచ్చుకున్న బెండ గింజలన్నీ వేసేశాను. పది రోజుల తరవాత తవ్వి చూస్తే ఒక్కటీ మిగలకుండా కుళ్ళిపోయాయి. మళ్ళీ ఊరు వెళ్ళేదాకా ఆ రకం గింజ దొరకలేదు. గాలి వేడెక్కడం వేరు, నేల వేడెక్కడం వేరు. బెండకి నేల కనీసం 65 ఉండాలి, 70 అయితే నిశ్చింత. అందుకే మీతో అన్నిటికన్నా ముందు థర్మామీటరు కొనిపిస్తున్నాను.

రెండో కారు మే చివర్లో. టమాటా నారు మదర్స్ డే (మే రెండో ఆదివారం) దాటాక పెట్టాలని ఇక్కడివాళ్ళ మాట. నేను వంగ, మిరప, బెండలకి మెమోరియల్ డే (మే ఆఖరి సోమవారం) దాకా ఆగుతాను. నారు ఇంట్లో పెరిగింది గనక వారం పది రోజులు ముందు నుంచీ బయట గాలికి అలవాటు చేయాలి. మొదటి రోజు నీడలో ఒక గంట, మర్నాడు రెండు గంటలు, అలా. తొందరపడి ఒకేసారి ఎండలో పెడితే ఆకులు తెల్లగా పాలిపోతాయి.

ఇరుకు మడి కిటుకంతా ఈ మార్పిడిలో ఉంది. మొదటి కారు పీకేసి, మడి ఖాళీ చేసి, అప్పుడు రెండోది నాటకండి. అలా చేస్తే రెండు మూడు వారాలు పోతాయి. చదరపు అడుగుకి 16 ముల్లంగులు ఉంటే నడిమి నాలుగూ లాగి, ఆ సందులో గుప్పెడు కంపోస్టు వేసి మిరప నారు పెట్టండి. చుట్టూ ఉన్న ముల్లంగులు ఆ పసిమొక్కకి గాలి తగలకుండా కాపలా కాస్తాయి. మిరప కొమ్మ వేసే సరికి అవి కూరలోకి వచ్చేస్తాయి. చదరానికి వంగ ఒకటి, మిరప ఒకటి, బెండ ఒకటి, అంతకు మించి ఆశపడొద్దు. పొడుగ్గా ఎదిగేవి, తీగలూ ఉత్తరపు అంచున ఉండాలి. లేకపోతే వాటి నీడ మిగతా మడినంతా కప్పేస్తుంది.

గోంగూర గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఇది పగలు కురచైతే తప్ప పూయని మొక్క. జూన్‌లో గుంటూరులో పగలు 13 గంటలైతే ఇక్కడ పదిహేనున్నర. అందుకని వేసవంతా గోంగూరకి పువ్వు ఆలోచనే రాదు, కొసలు తుంచేకొద్దీ కొమ్మలు వేసి ఆకే ఇస్తుంది. రెండు మొక్కలుంటే నలుగురికి పచ్చడికి లోటుండదు. ఇదే గుణం మన పాదు చిక్కుడులో చాలా రకాలకీ ఉంది, కానీ అక్కడ అది శాపం. సెప్టెంబరుకి గానీ పూత రాదు, పూత కాయయ్యేలోగా ఫ్రాస్ట్ కొట్టేస్తుంది. చిన్న మడిలో చిక్కుడుకి జాగా ఇవ్వకండి. అంత మమకారం ఉంటే, పగటి పొడవుతో పని లేకుండా పూసే పొట్టి రకం గింజ వెతుక్కోండి.

మూడో కారుని చాలామంది వదిలేస్తారు. ఆగస్టులో టమాటాలు పండుతుంటే విత్తనాల మీదికి మనసు పోదు. కానీ లెక్క అప్పుడే వేయాలి. అక్టోబరు 1 నుంచి వెనక్కి రండి. స్పినాచ్‌కి 45 రోజులు, పగలు తగ్గుతూ ఎదుగుదల మందగిస్తుంది గనక ఇంకో 14. మొత్తం 59, అంటే ఆగస్టు 3. ముల్లంగికి 30కి 14 కలిపితే ఆగస్టు 18. అయితే ఆగస్టు మొదట్లో నేల వేడి 80 దాటితే స్పినాచ్ సరిగా మొలవదు. సాళ్ళు తడిపి, మొలక కనిపించేదాకా గోనెపట్టా కప్పండి. రోజూ ఎత్తి చూడాలి, మొలిచాక ఒక్కరోజు ఎక్కువ ఉంచినా మొక్కలు సన్నగా సాగిపోతాయి. కొత్తిమీర కూడా ఈ కారులోనే బాగా వస్తుంది. వేసవిలో వేస్తే ఎండకి త్వరగా పువ్వు తొడుగుతుంది.

ఈ వారం పని: మడిని కాగితం మీద 32 గళ్ళుగా గీయండి. ప్రతి గడిలో మూడు పేర్లు, మూడు తేదీలు రాయండి. మూడో పేరు రాయలేని గడి ఉంటే ఖాళీగా వదిలేయండి, దానిలో అక్టోబరులో వెల్లుల్లి పెడదాం. తీగలకి పందిరి ఎలా కట్టాలో నాలుగో పాఠంలో.