రాకెట్ ట్యాంకు పెంచకుండా ఆక్సిజన్ ఎక్కువ పట్టించడం ఎలా?

మరిగే స్థానంలో, అంటే మైనస్ 183 డిగ్రీల దగ్గర, ద్రవ ఆక్సిజన్ లీటరు 1.14 కిలోలు తూగుతుంది. మైనస్ 207కి దించితే దాదాపు 1.25. రాకెట్ వాళ్లకి ఈ పదో వంతు బంగారమే. స్పేస్‌ఎక్స్ వాళ్ల ఫాల్కన్ 9 రాకెట్ 2015 డిసెంబరు నుంచి చేస్తున్నది ఇదే.

ద్రవ నైట్రోజన్ తొట్టిలో గొట్టం చుట్టలు ముంచి, వాటిలోంచి ఆక్సిజన్‌ను పంపండి. తొట్టి మామూలు గాలి ఒత్తిడిలో ఉంటే మైనస్ 196 దగ్గరే ఆగిపోతారు. ఇంకా దిగాలంటే మూత బిగించి, ఆవిరిని వాక్యూమ్ పంపుతో లాగేయాలి. ఒత్తిడి తగ్గేకొద్దీ నైట్రోజన్ ఇంకా చల్లగా మరుగుతుంది. అత్యాశకు పోవద్దు, మైనస్ 210 దగ్గర అది గడ్డకట్టి చుట్టలకు అంటుకుంటుంది. నేనైతే రెండు డిగ్రీలు ముందే ఆపేస్తాను.

ఇక ట్యాంకు. ఇంత చల్లటి ఆక్సిజన్‌కు ఆవిరి ఒత్తిడి దాదాపు ఉండదు. పైన హీలియం నింపకపోతే బయటి గాలి ఆ పల్చటి గోడల్ని లోపలికి నొక్కేస్తుంది. చవకని నైట్రోజన్ వాడతారేమో, అది ఆక్సిజన్‌లో కరిగిపోతుంది. నిల్వ ఉంటే వేడెక్కిపోతుంది కాబట్టి నింపడం ఆఖర్లోనే పెట్టుకోండి. ఫాల్కన్ 9కి ప్రయోగానికి 35 నిమిషాల ముందు మొదలుపెడతారు. మధ్యలో కౌంట్‌డౌన్ ఆగిందా, పడ్డ కష్టమంతా ఆవిరే!

అంతరిక్షంలో నిల్వ చేసే హైడ్రోజన్‌కూ ఇదే కిటుకు. మైనస్ 253 బదులు 257 దగ్గర నింపితే, లోపలికి చేరే వేడి ముందు ఆ నాలుగు డిగ్రీలు ఎక్కించాలి. అప్పటిదాకా బయటికి వదలాల్సిన ఆవిరి ఉండదు. కాకపోతే ట్యాంకులో కలియబెట్టే పంపు తప్పనిసరి, లేదంటే గోడ పక్క పొర ఒక్కటే వేడెక్కి మరుగుతుంది.