రీబిల్డ్ చేసిన కార్బరేటర్ నుంచి పెట్రోల్ కారుతుంటే ఎలా ఆపాలి?

కార్బరేటర్ అంటే పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చే భాగం. విప్పి కొత్త రిపేర్ కిట్ వేసి బిగించిన కార్బ్ పక్కనుంచి పెట్రోల్ కారగానే చాలామంది ముందుగా చేసేది పై మూత గ్యాస్కెట్ (అతుకులో పెట్టే పలచని ప్యాకింగ్) మార్చడం. ఆగకపోతే రెండు గ్యాస్కెట్లు కలిపి వేస్తారు, అప్పటికీ ఆగకపోతే సీలెంట్ పూస్తారు. పద్మిని, అంబాసిడర్ కార్ల సోలెక్స్ కార్బ్‌లు ఏళ్ల తరబడి విప్పి బిగిస్తున్నాను, ఈ తప్పు చూసి చూసి విసుగొచ్చింది. పై మూత అతుకు ఎప్పుడూ ఫ్లోట్ బౌల్‌లోని (కార్బ్‌లో పెట్రోల్ నిలిచే గిన్నెలోని) పెట్రోల్ మట్టానికి పైనే ఉంటుంది. అక్కడ తడి కనిపించిందంటే పెట్రోల్ అంత ఎత్తుకు రావడమే జబ్బు. గ్యాస్కెట్‌తో ఆ దారి మూసేస్తే అదే పెట్రోల్ కార్బ్ గొంతులోంచి (గాలి పోయే దారిలోంచి) ఇంజన్‌లోకి పోయి ఇంజన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది.

కావలసినవి కొన్నే: సరైన సైజు రింగ్ పానాలు, మంచి స్క్రూడ్రైవర్, టార్చి, టాల్కం పౌడర్, మెడికల్ షాపులో దొరికే 50 ఎంఎల్ సిరంజి, దానికి సరిపోయే ట్యూబు, పాత పేపర్లు. పక్కన డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా పని మొదలుపెట్టొద్దు. ఇంజన్ చల్లారనిచ్చి బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం అస్సలు చేయొద్దు, పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, కిందే పేరుకుంటుంది. కారును బయటికి తోయించి సమంగా ఉన్న చోట పెట్టండి.

ముందు లీక్ ఎక్కడుందో చూడాలి. కార్బ్‌ను పెట్రోల్ గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, గొంతు మీద శుభ్రమైన గుడ్డ కప్పి, బయటంతా పలచగా టాల్కం చల్లండి. ముగ్గు పిండి వాడిన వాళ్లను చూశాను, అది గరుకు, జెట్లలోకి (పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రాల్లోకి) పోతే ఇంకో తలనొప్పి. తర్వాత కార్బ్‌కు పెట్రోల్ పంపే పంప్ చేతి లివర్ కొడుతూ బౌల్ నింపండి. లివర్ లేని పంప్ అయితే గొంతు మీది గుడ్డ తీసి, ఎర్త్ కలిపి, ఒక్క నిమిషం ఇంజన్ నడిపించండి. ధారగా కారే లీక్ అయితే స్టార్ట్ చేయనే చేయొద్దు. పౌడర్ ఎక్కడ ముందు నల్లబడిందో అదే మీ లీక్, కిందికి జారిన తడిని పట్టించుకోకండి.

ఇంజన్ ఆగాక అరగంటకు మెల్లగా కారితే అది మట్టానికి కింద ఉన్న లీక్: మెయిన్ జెట్ బోల్టు వాషర్ కావచ్చు, యాక్సిలరేటర్ పంప్ (యాక్సిలరేటర్ తొక్కగానే అదనపు పెట్రోల్ చిమ్మే చిన్న పంప్) లోపలి పొర, అంటే డయాఫ్రమ్ కావచ్చు. వాషర్ మార్చి, డయాఫ్రమ్ స్క్రూలు ఎదురెదురుగా సమానంగా బిగిస్తే సరిపోతుంది. పంప్ కొడుతున్నప్పుడో ఇంజన్ నడుస్తున్నప్పుడో మూత దగ్గరో గొంతులోనో తడి వస్తే అది ఓవర్‌ఫ్లో, అంటే బౌల్ నిండి పొంగడం.

అసలు పని అక్కడుంది. తొందరపడొద్దు.

మూత తీసి తలకిందులు చేస్తే నీడిల్ వాల్వ్ కనిపిస్తుంది. బౌల్ నిండగానే ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే బుడ్డి) పైకి లేచి దీని సూదిని సీట్‌లోకి, అంటే అది కూర్చునే రంధ్రంలోకి, నొక్కి పెట్రోల్ ఆపుతుంది. ఆ వాల్వ్ ఇత్తడి ముక్క మరల మీద మూతలోకి బిగుసుకుంటుంది, దాని అడుగున ఒక వాషర్ ఉంటుంది. అందరూ కొత్త నీడిల్ వేస్తారు కానీ ఆ వాషర్‌ను లెక్కచేయరు. నిజానికి అది రెండు పనులు చేస్తుంది. మరల సందులోంచి పెట్రోల్ దూరకుండా ఆపుతుంది, పెట్రోల్ మట్టం ఎంతుండాలో తేలుస్తుంది. వాషర్ మందం పెరిగితే సీట్ కిందికి దిగుతుంది, ఫ్లోట్ ముందే నీడిల్‌ను మూస్తుంది, మట్టం తగ్గుతుంది. వాషర్ లేకపోతే మట్టం పెరగడమే కాదు, నీడిల్ ఎంత గట్టిగా మూసుకున్నా మరల చుట్టూ పెట్రోల్ వస్తూనే ఉంటుంది. ఒక మిత్రుడి పద్మినికి మూడు గ్యాస్కెట్లు మార్చారు, అయినా హైదరాబాద్‌లో గండిపేట వెళ్తుంటే లంగర్‌హౌజ్ దగ్గరే లోపలంతా పెట్రోల్ వాసన. విప్పి చూస్తే వాషరే లేదు. కొన్నిసార్లు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంటుంది: పాత వాషర్ లోపల అతుక్కునే ఉంటే దాని మీద కొత్తది వేస్తారు, అప్పుడు మట్టం పడిపోయి బండి ఎత్తులో ఎగబీలుస్తుంది. అందుకే టార్చి వేసి లోపల చూడకుండా కొత్తది పెట్టొద్దు.

పరీక్ష ఇలా చేయండి. మూత తలకిందులుగా పట్టుకొని, నీడిల్‌ను వేలితో తేలిగ్గా నొక్కి, పెట్రోల్ వచ్చే పైపుకు సిరంజి తగిలించి మెల్లగా గాలి నొక్కండి. నోటితో ఊదడం, పీల్చడం వద్దు. సీట్ చుట్టూ రెండు చుక్కల పెట్రోల్ వేయండి. మధ్యలో బుడగలొస్తే నీడిల్ సరిగా కూర్చోవడం లేదు, అంచున వస్తే వాషర్ లీక్. కొత్త నీడిలైనా సీట్‌లో చిన్న మురికి చాలు, తుడిచి మళ్లీ చూడండి. వాషర్ మందం కిట్‌లో వచ్చిందని కాకుండా మీ కారు మాన్యువల్ ప్రకారం ఎంచుకోండి, హైదరాబాద్ స్పేర్ పార్టుల బజార్లు రాణిగంజ్‌లో కానీ పుత్లీబౌలిలో కానీ రెండు మూడు మందాలు అడిగి తెచ్చుకోండి. బిగించడానికి రింగ్ పానా వాడండి, ప్లయర్ పెడితే ఇత్తడి అంచు గుండ్రమైపోతుంది.

ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోల్ కదిలితే పనికిరాదు. ఇత్తడిదైతే వేడి నీళ్లలో ముంచితే బుడగలు చూపిస్తుంది. టంకం పెడితే బరువెక్కి మట్టం మళ్లీ పెరుగుతుంది కాబట్టి మార్చేయడమే నా లెక్క.

అన్నీ బాగున్నా ఓవర్‌ఫ్లో అవుతుంటే పంప్ చూడండి. మెకానికల్ పంప్ కింద ఉండే మందపాటి ప్యాకింగ్ పలచబడితే పంప్ ఎక్కువ నొక్కుకుని ప్రెజర్ పెరిగి నీడిల్‌ను తోసేస్తుంది. ఎలక్ట్రిక్ పంప్ బిగించుకుంటే మంచిదని చెప్పేవాళ్ల మాట నేను వినను. ఇలాంటి కార్బ్‌కు 3 పీఎస్ఐ చుట్టుపక్కల ప్రెజర్ చాలు, అంతకు మించి ఇచ్చే పంప్ పెట్టి రెగ్యులేటర్‌తో తంటాలు పడే బదులు పాత పంప్‌నే బాగు చేయించండి.

మూత అంచు వంగి ఉంటే అద్దం మీద 400 నంబర్ నీటి పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిచి రుద్దండి. సీలెంట్ వద్దు. సిలికాన్ పెట్రోల్‌లో ఉబ్బి పోగులై జెట్లలో పడుతుంది, షెలాక్ (లక్కతో చేసే సీలెంట్) ఆల్కహాల్‌లో కరుగుతుంది, ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో ఇథనాల్ అనే ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటోంది. పాత రబ్బరు హోస్‌లు కూడా అదే దెబ్బకు పోతాయి, దీన్ని తట్టుకునే విటాన్ రబ్బరు లోపలి పొర ఉన్నవి వేయండి.

ఇప్పుడు పది నిమిషాలు నడిపి ఆపండి, కార్బ్ కింద పేపర్ పెట్టండి. గంట తర్వాత ఒకసారి, మర్నాడు పొద్దున ఇంకోసారి చూడండి. రెండుసార్లూ మరక లేకపోతే కారును రోడ్డెక్కించండి, మొదటి వారం మాత్రం ఎక్స్‌టింగ్విషర్ లోపలే ఉండాలి.