పాత జీపులో సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే ముందు ఎర్త్ చూడండి

మహీంద్రా ఎంఎం 540 లాంటి పాత డీజిల్ జీపుల్లో పొద్దున్నే సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరిగితే చాలామంది నేరుగా కొత్త బ్యాటరీ కొనేస్తారు. చాలాసార్లు తప్పు ఎర్త్‌ది, అంటే ఇంజిన్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు కరెంటు తిరిగి వెళ్లే దారిది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు తిరిగి వెళ్లడానికి ఇంజిన్‌ను బండి ఛాసిస్‌కు కలిపే తీగల అల్లిక పట్టీయే దారి. దాని బోల్టు కింద తుప్పు, పెయింటు చేరతాయి. రిపేరు చేసి కొత్తగా పెయింటు కొట్టిన బండ్లలో ఇది మరీ ఎక్కువ.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా స్టాప్ నాబ్ (ఇంజిన్ ఆపే నాబ్) లాగి ఉంచండి. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు), ఎర్ర వైరు ఇంజిన్ బ్లాకు మీద. ఇంకొకరిని 3, 4 సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే. 0.5 దాటితే నెగటివ్ కేబుల్ విప్పి, పట్టీ రెండు చివర్లు, అది ఆనే చోటు 80 నంబరు ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్దండి. స్టార్ వాషర్ వేసి బిగించాకే పైన వాసెలిన్ పూయండి. పట్టీ తీగలు తెగి ఉంటే 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేయించండి.

మీటరు 0.3 లోపే చూపిస్తూ, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి పడిపోతుంటే మాత్రం ఎంత రుద్దినా లాభం లేదు. బ్యాటరీనో, సెల్ఫ్ మోటారునో చూపించాల్సిందే.