కోడిగుడ్డుతో ద్రవాభిసరణం: ప్రయోగం ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిదిద్దాలి

పలుచటి ద్రావణం వైపు నుంచి చిక్కటి ద్రావణం వైపు నీరు ఒక పొర గుండా చేరడమే ద్రవాభిసరణం. గుడ్డులో ఆ పొర పెంకు కిందే ఉంటుంది. అందుకే పెంకు కరిగించిన గుడ్డు మంచినీళ్లలో ఉబ్బాలి, చిక్కటి పంచదార పాకంలో ముడుచుకోవాలి. అలా జరగకపోతే కారణం దాదాపు ఎప్పుడూ కింది వాటిలో ఒకటే.

పెంకు పూర్తిగా పోలేదు

వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం పెంకులోని కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తూ కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదులుతుంది. పెంకు మిగిలి ఉండగానే బుడగలు ఆగితే ఆమ్లం అయిపోయినట్టే. పాతది పారబోసి కొత్త వెనిగర్ పోయండి. మొత్తం ఒకటి రెండు రోజులు పడుతుంది. పొదలకూరు నిమ్మకాయలు ఇంట్లో ఉన్నాయి కదా అని నిమ్మరసం వాడవద్దు. దానివల్ల ఏర్పడే కాల్షియం సిట్రేట్ సరిగా కరగక పెంకుకే తెల్లగా అంటుకుంటుంది. చింతపండు రసంతోనూ ఇదే ఇబ్బంది. ల్యాబులో వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం జోలికి ఇంట్లో అసలు పోవద్దు.

కడుగుతుంటే చితికిపోయింది

గోరు తగిలి ఉంటుంది, లేదా గుడ్డుకు ముందే సన్నటి బీట ఉండి ఉంటుంది. కొళాయి సన్నటి ధార కింద బొటనవేలి మెత్తటి భాగంతో రుద్దండి. సుద్దపొడి లాంటి మడ్డి జారిపోయి, పొర లోపల పచ్చసొన మసగ్గా కదులుతూ కనిపిస్తుంది.

నీళ్లలో వేసినా ఉబ్బలేదు

పిల్లలు నిరాశపడేది ఇక్కడే. నిజానికి అది అప్పటికే ఉబ్బింది! వెనిగర్‌లో ఆమ్లం నాలుగైదు శాతమే, మిగిలినదంతా దాదాపు నీరే. పెంకు కరుగుతుండగానే ఆ నీరు పొర దాటి లోపలికి చేరింది. అందుకే వరుస మార్చండి: ముందు పాకం, తర్వాత నీళ్లు. ముడతలు పడిన గుడ్డు రాత్రంతా మంచినీళ్లలో ఉంటే తెల్లారేసరికి బిగుతుగా నిండుతుంది. ప్రతి దశకూ ముందూ వెనకా దారంతో చుట్టుకొలత తీసి రాసుకోండి.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీటిని శుద్ధి చేసే ఆర్వో (రివర్స్ ఆస్మాసిస్, అంటే తిరోగామి ద్రవాభిసరణం) యంత్రాల్లో జరిగేది దీనికి తలకిందులు. అక్కడ ఒత్తిడి పెట్టి, లవణాలున్న వైపు నుంచి నీటిని పొర గుండా ఇవతలికి నెడతారు. ఈ సంగతి పిల్లలకు తప్పక చెప్పండి.

ఉప్పునీటిలో ముడుచుకోలేదు

ఇసకపల్లి ఉప్పు ఎంత పోసినా ఫలితం అంతంతమాత్రమే. ఉప్పు అయాన్లు చిన్నవి, అవీ పొర దాటి లోపలికి పోతాయి. పంచదార అణువు పెద్దది, అంత సులువుగా దూరదు. కప్పు నీళ్లకు రెండు కప్పుల పంచదార వేసి, వేడిచేసి కరిగించండి. పూర్తిగా చల్లారాకే గుడ్డు వేయాలి, లేకపోతే తెల్లసొన గడ్డకడుతుంది. గుడ్డు పైకి తేలితే చిన్న గిన్నె బోర్లించి ముంచి ఉంచండి.

వాసన వస్తోంది

మన ఎండల్లో గుడ్డు త్వరగా చెడుతుంది. గిన్నెకు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, కాస్త ఆలస్యమైనా ప్రయోగం సాగుతుంది. ఆ గుడ్డును తినకూడదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.