మట్టిలో దొరికిన పాత మడత చాకు ఎక్కడిదో, ఎప్పటిదో తెలుసుకోవడం

చాకు దొరకగానే గరుకు కాగితంతో రుద్దకండి. తయారీదారు ముద్ర ఉండేది బ్లేడు మొదట్లో, ఇరుసు పక్కన. దాని లోతు చాలా తక్కువ, తుప్పుతో పాటే లేచిపోతుంది. వెనిగర్‌లో నానబెట్టడమూ వద్దు. అది ఎముక పిడినీ ముత్యపు చిప్ప పిడినీ కూడా తినేస్తుంది.

మట్టి ఆరాక మెత్తటి బ్రష్‌తో, వెదురు పుల్లతో రాల్చండి. ఇరుసు దగ్గర మాత్రమే రెండు మూడు చుక్కల పలచటి నూనె వేసి ఒక రోజు వదిలేయండి. ఎముక పిడికి నూనె తగిలితే మరక పడుతుంది. మర్నాడు మెల్లగా కదిపి చూడండి, రాకపోతే మళ్లీ నూనె వేయండి. శ్రావణంతో లాగితే తుప్పుకు సన్నబడ్డ బ్లేడు పుటుక్కున విరుగుతుంది. ఎంతకీ రాకపోతే మూసే ఉంచడం నయం.

మూసి ఉన్న చాకు కూడా చాలా చెబుతుంది. కొలత ఎప్పుడూ మూసిన పొడవే రాసుకోవాలి. బ్లేడులన్నీ ఒకే కొసన ఉన్నాయా, రెండు కొసలా ఉన్నాయా చూడండి. పిడి చివరి లోహపు తొడుగుకు అయస్కాంతం అంటితే ఇనుము. అంటకుండా పచ్చటి చిలుము పట్టి ఉంటే ఇత్తడో జర్మన్ సిల్వరో (వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం). పిడి మీద సన్నటి నల్ల చుక్కలు, గీతలు కనిపిస్తే ఎముక. పొరలు పొరలుగా లేస్తుంటే కొమ్ము. పగుళ్లిచ్చి పొడి రాలుతుంటే సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ కావచ్చు. కాల్చిన సూదితో పరీక్షించమని కొందరు చెప్తారు, కానీ సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

ముద్ర చదవాలంటే చీకటి గదిలో టార్చిని బ్లేడుకు దాదాపు సమాంతరంగా పట్టి, చుట్టూ తిప్పుతూ ఫొటోలు తీయండి. ఒక్కో కోణంలో ఒక్కో అక్షరం తేలుతుంది. పేరు చెరిగిపోయినా బొమ్మ మిగలొచ్చు: నక్షత్రం, మాల్టీస్ శిలువ (చేతులు చివర్న వెడల్పయ్యే శిలువ) జంటగా ఉంటే ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ, చెట్టు బొమ్మ ఉంటే జర్మనీలోని సోలింగెన్‌కు చెందిన బోకర్ కంపెనీ.

ఇక కాలం. ముద్ర చాలాసార్లు 'ఇంతకంటే పాతది కాదు' అని మాత్రమే చెబుతుంది. 'స్టెయిన్‌లెస్' అని ఉంటే 1913 తర్వాతిదే. 'వెస్ట్ జర్మనీ' అంటే 1949-90 మధ్యది. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం దిగుమతి సరుకుపై దేశం పేరు ఉండాలంది. అందుకే ఆ తర్వాతి ఎగుమతి చాకుల మీద 'ఇంగ్లాండ్', 'జర్మనీ' కనిపిస్తాయి. దేశం పేరు లేనంత మాత్రాన అంతకు ముందుదని తేల్చేయకండి, స్వదేశంలో అమ్మినది కావచ్చు. వెడల్పాటి బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుది, దాని పక్కన సంవత్సరం వెతకండి. అన్నిటికంటే తేలిక కేస్ అనే అమెరికా కంపెనీ చాకులు: 1970లో ముద్ర కింద 10 చుక్కలు, ఏటా ఒకటి చొప్పున తగ్గి 1979కి ఒక్కటే. 1980లో మళ్లీ పది, కానీ పేరులోని ఎస్ అక్షరం మెరుపు గీతలా వంకరగా ఉంటుంది.

చదవడం అయ్యాక బ్లేడుకు పలచగా మైనం పూసి, తేమను పీల్చే సిలికా జెల్ వేసిన మూతడబ్బాలో పెట్టండి. సెల్యులాయిడ్ పిడి ఉన్నదాన్ని మాత్రం గాలి ఆడేలా విడిగా ఉంచాలి. దాన్నుంచి వచ్చే ఆవిరి పక్కన ఉన్న చాకులకూ తుప్పు పట్టిస్తుంది.