పాత డీజిల్ ఆఫ్‌రోడ్ బండి కొంటున్నారా? ముందు కిందికి దూరి చూడండి

పాత డీజిల్ ఫోర్ బై ఫోర్ చూడ్డానికి వెళ్లగానే ఎవరైనా ముందు బానెట్ ఎత్తమంటారు. నేనూ అదే చేసేవాణ్ని. ఇంజిన్ చప్పుడు విని, పొగ రావట్లేదని సంబరపడి, టైర్లను రెండుసార్లు తన్ని బేరంలోకి దిగేవాణ్ని. అలా కొన్న మొదటి బండికి ఇంజిన్ నిజంగానే బంగారం. కానీ డబ్బు చేతులు మారిన పదిహేను రోజులకు కింది ఇనప ఫ్రేమ్‌లో వెనక అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అట్టముక్కలోకి దిగినట్టు దిగిపోయింది. అప్పటినుంచి నా వరస మారింది. ముందు ఛాసిస్ (అంటే ఆ ఇనప ఫ్రేమ్), తర్వాత ఇంజిన్, ఆ తర్వాతే నడిపి చూడటం.

కారణం లెక్క తేలికే. ఇంజిన్ బోరుకొస్తే (లోపల అరిగిపోతే) విప్పి బాగు చేయించొచ్చు, లేదా ఇంకోటి తెచ్చి పెట్టొచ్చు. గేర్‌బాక్స్ అయినా, యాక్సిల్ అయినా అంతే. ఛాసిస్ లోపలినుంచి పుచ్చిపోతే మాత్రం బాడీ మొత్తం పైకెత్తాలి. ఆ ఖర్చు బండి ధరనే దాటేయొచ్చు.

వెళ్లేముందు

అమ్మే మనిషికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: "నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు." వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడానికి పెట్టే పేచీ మీరు చూడకూడదని అనుకున్నాడేమో. చల్లారేదాకా ఆగండి, లేదా ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పండి.

పాత బట్టలు వేసుకెళ్లండి. టార్చి, చిన్న సుత్తి, అయస్కాంతం, స్క్రూడ్రైవర్, కింద పడుకోవడానికి ఒక అట్ట చాలు.

ఏ మోడల్ కొంటున్నారో దాని పేరుపడ్డ రోగాలు ముందే తెలుసుకోండి. ఒక్కో ఇంజిన్‌కి ఒక్కో బలహీనత ఉంటుంది. 1990ల తొలి సగంలో టయోటా ల్యాండ్ క్రూయిజర్ 80 సిరీస్‌లో వచ్చిన 1హెచ్‌డీ-టీ ఇంజిన్‌లో బిగ్ ఎండ్ బేరింగులు (కనెక్టింగ్ రాడ్లు క్రాంక్‌షాఫ్ట్‌ని పట్టుకునే చోటివి) ముందుగా అరుగుతాయి. మిత్సుబిషి 4డి56లో వాల్వులను లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్ట్‌తో పాటు, ఇంజిన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్‌కి ఇంకో చిన్న బెల్ట్ ఉంటుంది. అది తెగి పెద్ద బెల్ట్‌లో పడితే పెద్దదీ పోతుంది. ల్యాండ్ రోవర్ టీడీ5లో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల వైర్ల వెంట ఆయిల్ పాక్కుంటూ వెళ్లి ఇంజిన్ కంప్యూటర్ ప్లగ్‌లోకి చేరుతుంది. ఇవి తెలిసి వెళ్తే అమ్మేవాణ్ని సరైన ప్రశ్న అడగొచ్చు. తెలియకపోతే "ఇంజిన్ బాగుందా?" అని అడుగుతాం, "బ్రహ్మాండం" అంటాడు.

కాగితాల్లోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద కొట్టిన నంబర్లతో కలవాలి. ఈ బళ్లలో ఇంజిన్ మార్చడం మామూలే. మార్చిన సంగతి కాగితాల్లో లేకపోతేనే ఇబ్బంది. మీరుండే చోట పాత డీజిల్ బళ్ల మీద వయసు ఆంక్షలు, పొగ ఆంక్షలు ఉన్నాయేమో అడ్వాన్స్ ఇవ్వకముందే కనుక్కోండి.

1. ఛాసిస్: సుత్తి తీయండి

ఈ బళ్లలో ఎక్కువ వాటికి నిచ్చెనలాంటి ఇనప ఫ్రేమ్ ఉంటుంది, దాని మీద బాడీ కూర్చుంటుంది. ఆ ఫ్రేమ్ లోపల బోలు. రంధ్రాల్లోంచి బురద లోపలికి చేరి తడి ఆరనివ్వదు. అందుకే తుప్పు లోపల మొదలై బయటికి వస్తుంది. పైకి పెయింట్ నిగనిగలాడుతూ ఉన్నా లోపల రేకు కాగితంలా పలచబడి ఉండొచ్చు.

సుత్తితో నెమ్మదిగా తడుతూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చినది బొదబొదమంటుంది. వెనక క్రాస్‌మెంబర్, కమాను పట్టీల చివర్లు బిగించే చోటు, బాడీని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే మౌంట్లు, వెనక యాక్సిల్ మీదుగా ఫ్రేమ్ వంపు తిరిగే చోటు బాగా తట్టి చూడండి. పెద్ద టైర్లు వేసి నడిపిన బండైతే స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట పగుళ్లు కూడా వెతకండి.

కింద మొత్తం కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే నాకు వెంటనే అనుమానం. తుప్పు పట్టకుండా పూసింది కూడా కావచ్చు. కానీ పాతికేళ్ల బండికి సరిగ్గా అమ్మే ముందే ఆ శ్రద్ధ ఎందుకొచ్చిందో అడగాలి కదా. వెల్డింగ్ చేసిన ప్యాచ్ కనిపిస్తే అంచులు చూడండి. గట్టి ఇనుము దాకా కోసి అతికారా, పుచ్చిన దాని మీదే రేకు కప్పారా తెలిసిపోతుంది.

తలుపుల అడుగు, ముందు అద్దం ఫ్రేము దగ్గర అయస్కాంతం పెట్టండి. పట్టకపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టు. కొన్ని మోడళ్ల బాడీ అల్యూమినియంతో చేస్తారు, ఆ అల్యూమినియం రేకుకి అయస్కాంతం పట్టదు. బాడీ తుప్పు ధర తగ్గించుకోవడానికి పనికొస్తుంది. ఛాసిస్ తుప్పయితే వెనక్కి తిరిగి వెళ్లిపోవడమే.

2. ఇంజిన్: చల్లగా ఉండగానే

స్టార్ట్ చేయకముందే రేడియేటర్ మూత తీయండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆ పని ఎప్పుడూ చేయకండి, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. లోపల శుభ్రమైన కూలెంట్ ఉండాలి. మట్టి రంగు నీళ్లుంటే కూలెంట్ లేకుండా ఉత్త నీళ్లతో ఏళ్ల తరబడి నడిపారన్నమాట. నీళ్ల మీద నూనె తేలినా, ఆయిల్ మూత అడుగున మీగడలాంటి జిడ్డు గట్టిగా పేరుకున్నా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీల్) పోయిందేమో, హెడ్ పగిలిందేమో చూడాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని మాత్రం కంగారు పడకండి, డీజిల్‌లో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. లెవెల్ గీత దాటి పైకుండి డీజిల్ వాసన వస్తుంటే, అప్పుడు టెన్షన్ పడాల్సిందే.

ఇప్పుడు తాళం తిప్పండి. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. అందుకే ఆ నొక్కే బలం, అంటే కంప్రెషన్, తగ్గిన డీజిల్ చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుంది. చల్లటి సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్ లైట్ ఆరాక రెండు మూడు సెకన్లలో అందుకుంటే మంచిదే. ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోకపోతే కారణం గ్లో ప్లగ్గులైతే చవకలో తేలిపోతుంది. డీజిల్ పైపుల్లో గాలి చేరినా పెద్ద ఖర్చు కాదు. కంప్రెషనే లేకపోతే ఇంజిన్ విప్పాలి. ఏదో తేలకపోతే మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ చేయించండి. సిలిండర్ల మధ్య పెద్ద తేడా ఉండకూడదు.

పొగ రంగు చాలా చెబుతుంది. స్టార్ట్ చేయగానే కాస్త తెల్ల పొగ వచ్చి, వేడెక్కాక పోతే అది కాలని డీజిల్. వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లగా వస్తూనే ఉంటే కూలెంట్ కాలుతోంది. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే నల్లగా కుమ్మరిస్తుంటే ఎయిర్ ఫిల్టర్ దగ్గర మొదలుపెట్టి నాజిల్స్, పంపు, ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో దాకా చూడాలి.

ఐడిల్‌లో నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి అక్కడే ఆనించి పెట్టండి. సన్నగా ఆవిరి రావడం మామూలే. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పుమంటే పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి కారుతోంది (దీన్నే బ్లో బై అంటారు), ఇంజిన్ బోరుకొచ్చింది. మరీ అరిగిన ఇంజిన్, లేదా సీల్ పోయిన టర్బో ఉన్న ఇంజిన్ ఒక్కోసారి తన ఆయిల్‌నే పీల్చి కాల్చుకుంటూ తాళం తీసినా ఆగదు, రేసు పెరుగుతూ పోతుంది. మాన్యువల్ గేర్ల బండైతే టాప్ గేర్‌లో వేసి, బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి క్లచ్ వదిలితే ఆగిపోతుంది. ఇది అరుదే, కానీ జరిగినప్పుడు ఆలోచించే టైమ్ ఉండదు.

టర్బో ఉంటే దానికి గాలి వెళ్లే పైపు తీసి షాఫ్ట్‌ని వేలితో కదిపి చూడండి, ఇంజిన్ ఆపేశాకే. కొద్దిగా ఊగొచ్చు. రెక్కలు గోడకి తగులుతుంటే రోజులు దగ్గరపడ్డాయి.

టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే మార్చిన బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజిన్ నాశనం కావచ్చు.

ఇంకో తేడా కూడా మనసులో పెట్టుకోండి. మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ కాస్త మురికి డీజిల్‌ని తట్టుకుంటుంది. దాని సీళ్లు ఎండిపోయి కారినా కొత్తవి వేయొచ్చు. 1990ల చివర్లో మొదలైన కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి డీజిల్ అందే) ఇంజిన్లలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, నీళ్లు కలిసిన డీజిల్ పడితే ఇంజెక్టర్లు పోతాయి. నలుగురూ "పాతదే మేలు" అనేది ఉత్త మోజుతో కాదు.

3. నడిపి చూడటం

కనీసం అరగంట నడపండి. వీధి చివరిదాకా వెళ్లొస్తే ఏమీ తెలియదు. బండి వేడెక్కాలి, ఎత్తు ఎక్కాలి, పల్లం దిగాలి.

టాప్ గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి పూర్తిగా తొక్కండి. ఇంజిన్ అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. పల్లంలో ఒక్కో గేర్‌లోనూ యాక్సిలరేటర్ వదిలేయండి. గేర్ దానంతటదే బయటికి దూకితే గేర్‌బాక్స్ విప్పాలి. యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా కిందనుంచి టకామంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు అరిగి ఉండొచ్చు, అవి చిన్న ఖర్చు. వేగంతో పాటు పెరిగే సన్నని ఈల యాక్సిల్ లోపలి పళ్ల చక్రాలైన క్రౌన్, పినియన్‌ల నుంచి వస్తే అది పెద్ద ఖర్చే.

ఫోర్ బై ఫోర్ లివర్‌ని తప్పకుండా వాడి చూడాలి. చాలామంది దాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోరు, అది బిగుసుకుపోతుంది. లో రేంజ్ (తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చే గేర్) కూడా వేసి చూడండి. కాకపోతే మట్టి నేల మీదో ఇసుక మీదో మాత్రమే. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. మధ్యలో డిఫరెన్షియల్ (చక్రాల వేగాల్లో తేడాని సర్దే గేర్ల పెట్టె) లేని బండిలో ఆ తేడా ఎక్కడా సర్దుకోదు, తారు రోడ్డు మీద గేర్లన్నీ బిగదీసుకుంటాయి.

గంటకు 60, 80 కిలోమీటర్ల మధ్య గుంత తగలగానే స్టీరింగ్ పిచ్చిపట్టినట్టు ఊగితే, ముందు యాక్సిల్ కింగ్‌పిన్లు, టై రాడ్ ఎండ్లు, బుష్‌లు, వీల్ బ్యాలెన్సింగ్ అన్నీ అనుమానించాల్సిందే. ఒక్క భాగం మార్చి ఊగడం తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

వెనక్కి వచ్చాక ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు చటుక్కున అందుకున్న బండి వేడిలో మొరాయిస్తే డీజిల్ పంపే రోటరీ పంపు లోపల అరిగిందేమో. పంపు మీద తడిగుడ్డ కాసేపు వేస్తే అందుకుంటుందనుకోండి, అనుమానం దాదాపు తీరినట్టే. ఈలోగా ఇంకోసారి కిందికి వంగి కొత్తగా ఏమైనా కారుతోందేమో చూడండి.

4. ఆ బండి ఎక్కడెక్కడ తిరిగిందో

కార్పెట్ ఎత్తండి. సీట్ల కింద పట్టాల్లో, హెడ్‌లైట్ల లోపల ఎండిన ఒండ్రు కనిపిస్తే నీళ్లలో మునిగింది. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్తే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఆ తర్వాత కూడా బండి కొన్నాళ్లు నడవొచ్చు. యాక్సిల్ గాలి గొట్టం మూసుకుపోతే వేడి యాక్సిల్ వాగులో దిగి చల్లబడగానే సీళ్ల గుండా నీళ్లు పీల్చుకుంటుంది. అమ్మేవాడు ఒప్పుకుంటే డిఫరెన్షియల్ ఫిల్లర్ నట్టు విప్పి వేలు ముంచండి. ఆయిల్ పాలలా ఉంటే నీళ్లు కలిశాయి.

ఎత్తు పెంచిన బండి చూడ్డానికి బాగుంటుంది. బ్రేక్ పైపులు చాలినంత పొడవున్నాయా, షాఫ్ట్ కోణం మరీ పెరిగిందా చూడండి. ఇంకో సంగతి. టైర్ల వ్యాసం 10 శాతం పెంచి మీటర్ సరిచేయకపోతే, 100 కిలోమీటర్లు చూపించేసరికి బండి 110 తిరిగి ఉంటుంది.

టైర్ పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు బాగా కనిపించినా రబ్బరు గట్టిపడిన పాత టైర్లు ఈ బళ్లకు తరచూ ఉంటాయి.

5. బేరం, మొదటి వారం

ఛాసిస్ పుచ్చినా, కాగితాలు కలవకపోయినా, బ్లో బై విపరీతంగా ఉన్నా నేను ధర అడగను. క్లచ్, క్రాసులు, గ్లో ప్లగ్గులు, బ్రేకులు, సీళ్లు అన్నీ కాగితం మీద రాసి ఖర్చు కూడి, ఆ మొత్తాన్ని బేరంలో తగ్గిస్తాను.

కొన్నాక మొదటి వారంలోనే ఇంజిన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే పెట్టె), రెండు యాక్సిళ్ల ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, ఫిల్టర్లు, బెల్ట్ అన్నీ మార్చేయండి. యాక్సిల్ ఆయిల్ మార్చేటప్పుడు కింది డ్రెయిన్ నట్టుకి ముందు పై ఫిల్లర్ నట్టు విప్పండి. ఏళ్ల తుప్పుకి అది రాకుండా మొండికేస్తే, అప్పటికే ఆయిల్ దింపేసుంటే మళ్లీ పోయడానికి దారుండదు.